గోడవైపు పేజీ

మా ఆయనకి మూడు పనులు రావు. ఈత కొట్టడం, ఈల వేయడం, ‘తప్పు నాది’ అనడం. మొదటి రెండూ నేర్చుకుందామని కనీసం ప్రయత్నమైనా చేశారు.

పెళ్ళయి ఇరవై ఆరేళ్ళు. ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన నోట వినలేదంటే తప్పులు చేయలేదని కాదు. పాలల్లో ఉప్పు కలుపుకుని తాగిన రోజున, ఉప్పుడబ్బా పంచదారడబ్బా పక్కన ఎవరు పెట్టారని ఆరా తీశారు. ఒక పెళ్ళికి వెళ్తూ నలభై కిలోమీటర్లు అటు వెళ్ళాల్సిన కారుని ఇటు నడిపి, ఈ వైపు కూడా ఎప్పుడో ఒకప్పుడు చూడాల్సిందే కదా అన్నారు. మేం చేరేసరికి పెళ్ళికూతురు పెట్టె సర్దుకుని ప్రయాణానికి సిద్ధంగా ఉంది. మరీ నిలదీస్తే ‘అలా జరిగిపోయింది’ అంటారు, వాన కురిసిందని చెప్పినట్టు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ వారం ఒక మనిషి బతుకుతెరువు ఆయనకి రాని ఆ మూడో పని మీద నిలబడింది.

కిందటి వారం పత్రికని పొరుగువాళ్ళు పట్టుకెళ్ళి తిరిగివ్వకపోయి ఉంటే, వాళ్ళని ఇబ్బంది పెట్టకండి. జరిగింది నేనే నాలుగు ముక్కల్లో చెబుతాను.

మా ఆయన మూడంతస్తుల బట్టల దుకాణానికి మేనేజరు. అలాంటి దుకాణాలు చాలా ఊళ్ళలో ఉన్న కంపెనీ అది. సోమవారం హెడ్డాఫీసు నుంచి సర్క్యులర్ వచ్చింది. ఉద్యోగులు యూనిఫారం మీద కంపెనీ ఇచ్చిన పేరుబిళ్ళ తప్ప వేరే ఏ గుర్తూ పెట్టుకోకూడదు. మంగళవారం పొద్దున ఆయన పై అంతస్తుకి వెళ్ళి, బట్టలు సరిచేసే మూలలో కూర్చునే ఆవిడ చేత యూనిఫారం మీది పట్టీ తీయించారు. ఆవిడని అందరూ మిషనక్క అంటారు. పట్టీ అంటే వేలెడు బూడిదరంగు గుడ్డ, మధ్యలో ఎర్రదారం ముడి. యుద్ధం ముగిసి ముప్ఫై ఎనిమిదేళ్ళు, ఏటా ఆ వారం వచ్చిందంటే మాజీ సైనికుల సంఘంవాళ్ళు వీధివీధికీ వచ్చి పంచుతారు. యుద్ధానికి వెళ్ళినవాళ్ళని మేం మరిచిపోలేదు అని చెప్పే గుర్తు. ఊళ్ళో సగంమంది పెట్టుకుంటారు, వారం తిరక్కుండా ఎక్కడో పారేసుకుంటారు. మిషనక్క పారేసుకోదు. ఆవిడ తమ్ముడు ఆ యుద్ధంలోనే పోయాడు. యుద్ధం ముగిసిన ఏడు ఇచ్చిన పట్టీనే ఉతికి, ఇస్త్రీ చేసి, ముడి వదులైతే కొత్తదారంతో బిగించి, ఏటా ఆ ఒక్క వారం పెట్టుకుంటుంది.

ఉండనివ్వమని ఆవిడ మా ఆయన్ని అడిగింది. హెడ్డాఫీసు ఆర్డరు, నా చేతిలో ఏముంది అక్కా అన్నారాయన.

సాయంత్రం ఆవిడ నాకు ఈ సంగతి చెప్పినప్పుడు నేను నోరు మూసుకుని ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. ఉద్యోగులు పెట్టుకోకూడదన్నారు గానీ షోకేసులో బొమ్మ ఉద్యోగి కాదు కదా అన్నాను. నా సంచిలోంచి పిన్నీసు కూడా తీసిచ్చాను. బుధవారం పొద్దున వీధివైపు అద్దంలో, కోటు తొడుక్కున్న బొమ్మ ఎదమీద పట్టీతో నిలబడింది. జనం ఆగి చూశారు. ఒక ముసలాయన టోపీ తీశాడు. ఎవరో ఫొటో తీశారు. గురువారానికి ఆ ఫొటో హెడ్డాఫీసు చేరింది, హెడ్డాఫీసు కోపం ఫోనులో మా ఇంటికి చేరింది.

ఆ సలహా ఎవరిచ్చి ఉంటారంటూ మా ఆయన గురువారం సాయంత్రమంతా వంటింటి గుమ్మంలో నిలబడి ఆశ్చర్యపోయారు. నేను కూర కలుపుతూ ఉన్నాను. నిజానికి అప్పటికి మూకుట్లో ఇంకా ఏమీ వేయలేదు.

శుక్రవారం పొద్దున ఆయన టై మూడుసార్లు కట్టుకున్నారు. హెడ్డాఫీసు నుంచి తనిఖీకి ఒకావిడ పదకొండింటికి వస్తుందనీ, ఉద్యోగంలోంచి తీసేసే కాగితం ముందే తయారుచేసి తెస్తోందనీ చెప్పారు. అన్నీ అచ్చువేసి, పేరు దగ్గర మాత్రం ఖాళీ గీత వదిలారట. మిషనక్కకి రిటైరవడానికి ఇంకా రెండేళ్ళుంది. ఇంట్లో ఇంకెవరూ లేరు. ఆ మూలా, ఆ మిషనూ, వచ్చిపోయేవాళ్ళ పొడుగూ పొట్టీ, అదే ఆవిడ లోకం. ఆ గీత మీద ఆవిడ పేరు పడితే, అందులో సగం నా పిన్నీసుతో గుచ్చినట్టే.

వద్దని చెప్పొచ్చు కదా అన్నాను.

“నాకు మాత్రం సరదానా? నా చేతిలో ఏముంది?” అన్నారు. అప్పటికి చేతిలో రొట్టెముక్క ఉంది. దాన్ని కూడా పళ్ళెంలో పెట్టేశారు.

మా మామయ్యగారు బల్ల చివర కూర్చుని టీ తాగుతున్నారు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. ఆ యుద్ధంలో సరుకుల లారీ నడిపారు. ఆయనకి కూడా సంఘంవాళ్ళు ఏటా పట్టీ ఇచ్చి వెళ్తారు. ఏటా దాన్ని బీరువాలో పెట్టేస్తారు. ఒక్కసారీ పెట్టుకోవడం నేను చూడలేదు. ఎందుకని అడిగే చొరవ మా ఇంట్లో ఎవరికీ లేదు, ముఖ్యంగా కొడుక్కి. తండ్రీకొడుకులు వాతావరణం గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకుంటారు. అంతకంటే లోపలికి వెళ్ళరు.

మామయ్యగారు కప్పు కడిగి బోర్లించారు. ఎంగిలికప్పు వదలడం ఆయనకి తెలియదు.

“ఆ అమ్మాయి ఎవరికోసం పెట్టుకుందమ్మా?” అన్నారు.

తమ్ముడి కోసమని చెప్పాను. తల ఊపి గదిలోకి వెళ్ళిపోయారు. మా ఆయన బయల్దేరి వెళ్ళాక బయటికొచ్చారు. చేతిమీద పాత నల్లకోటు.

“అమ్మాయ్, దీని చేతులు పొడుగయ్యాయి. మనవాడి కొట్లో సరిచేస్తారటగా, పద.”

కోటు చేతులు పొడుగవ్వవు. మనుషులే చిన్నవాళ్ళవుతారు. ఆ ముక్క ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. చెప్పులేసుకున్నాను.

పై అంతస్తులో, మెట్ల పక్కన, తెర చాటున ఉంటుంది మిషనక్క మూల. ఒక కుట్టుమిషను, పొడుగు బల్ల, ఆవిరి చిమ్మే ఇస్త్రీపెట్టె, గోడకి నిలువుటద్దం. సుద్దముక్కలు సబ్బుపెట్టెలో ఉంటాయి. గుండుసూది మాత్రం ఒక్కటి కనబడదు. దానికో కథ ఉంది. మూడేళ్ళ కిందట కొత్తచొక్కాలో ఉండిపోయిన గుండుసూది ఒక పెద్దమనిషికి వీపున గుచ్చుకుంది. ఆయన వేసిన కేక మూడంతస్తులకీ వినిపించింది. ఆ రోజునుంచీ మా ఆయన సూదుల మీద యుద్ధం ప్రకటించారు. గుండుసూదులు, పిన్నీసులు, చివరికి నోటీసుబోర్డుకి గుచ్చే పిన్నులు కూడా దుకాణంలో నిషేధం. మిషనక్క కొలతలన్నీ దారంతో టాకాలు వేసే గుర్తుపెట్టుకుంటుంది. నోటీసులు జిగురుతో గోడకే అంటిస్తారు. అంటించేది కూడా మా ఆయనే, స్వయంగా. సర్క్యులర్ వచ్చిన పది నిమిషాల్లో గోడ మీద ఉండాలని ఆయన పట్టుదల. ఆ పది నిమిషాల గురించి మా చుట్టాలందరికీ చెప్పారు.

మిషనక్క ఆ పూట పని చేయడం లేదు. కత్తెరలు తుడిచి సంచిలో పెట్టుకుంటోంది. నన్ను చూసి, పెద్ద కత్తెర సొంతమనీ, చిన్నది కంపెనీదనీ, అది బల్ల మీదే వదిలేశాననీ చెప్పింది. పట్టీ చీటీలా మడిచి పేరుబిళ్ళ పక్కనే బల్ల మీద పెట్టుకుంది. బొమ్మ మీదనుంచి తీసి తనకి తిరిగిచ్చేశారట. నా పిన్నీసు మాత్రం మేనేజరుగారి సొరుగులో ఉందట, సాక్ష్యంగా.

నేను క్షమించమని అడగబోయాను. మామయ్యగారు అడ్డొచ్చి కోటు బల్ల మీద పరిచారు. లోపలి జేబులోంచి తన పట్టీ తీసి దానిమీద పెట్టారు. ఒక్కసారీ పిన్ను ఎరగని గుడ్డ, ఇచ్చిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది.

“దీన్ని ఎదమీద కుట్టిపెట్టాలమ్మా. పిన్నులు పనికిరావటగా మీ కొట్లో. నేను ఉద్యోగిని కాను, కొనడానికి వచ్చినవాణ్ణి. నాకు కుట్టిస్తే ఎవరూ కాదనలేరు.”

మిషనక్క ఆ పట్టీ వైపు, ఆయన వైపు చూసింది. ఇన్నేళ్ళూ ఎందుకు పెట్టుకోలేదని మా ఇంట్లో ఎవరం అడగలేకపోయిన ప్రశ్నని, సూదిలో దారం ఎక్కిస్తూ, చేతులకి ఎంత మడత కావాలని అడిగినంత మామూలుగా అడిగేసింది.

“ఆ ముడి తిరిగి రానివాళ్ళది. నేను వచ్చేశాను కదమ్మా. సరుకు దించి వెనక్కొచ్చేవాణ్ణి. సరుకుతోపాటు ఎక్కించుకెళ్ళిన సిపాయి పిల్లలు అక్కడే ఉండిపోయేవాళ్ళు. ఏ మొహంతో పెట్టుకోను?”

ఆవిడ సూది కోటులో దించింది. రెండు కుట్లు వేసింది.

“మావాడు వెళ్ళేముందు యూనిఫారం చేతులు పొడుగయ్యాయంటే, అంగుళం లోపలికి మడిచి కుట్టాను. పద్దెనిమిదేళ్ళు, ఇంకా ఎదుగుతాడు కదా, తిరిగొచ్చాక విప్పుతాన్లేరా అన్నాను. వాణ్ణి చివరిసారి చూసినవాళ్ళు ఎవరో నాకు తెలీదండీ. వచ్చినవాళ్ళు కూడా దాచేసుకుంటే, మావాడు వెళ్ళాడని ఇంకెవరు చెప్పాలి?”

మామయ్యగారు కోటు అంచు సర్దారు. ఇంకో కుట్టు గట్టిగా వేయమ్మా అన్నారు.

అప్పుడే తెర జరిగింది. మా ఆయన, వెనకాల తనిఖీ మేడమ్. ముప్ఫై దాటని మనిషి, ముక్కు జలుబుతో ఎర్రబడి ఉంది. ఒక చేతిలో ఫైలు, ఒక చేతిలో రుమాలు. మా ఆయన ముందు నన్ను చూశారు, ఆపైన తండ్రిని చూశారు, ఆపైన తండ్రి ముందు పరిచిన కోటుని, దాని ఎదమీద సగం కుట్టి సూది వేలాడుతున్న పట్టీని చూశారు. అడగాల్సిన ప్రశ్నలు చాలా ఉన్నట్టున్నాయి. మేడమ్ ముందు ఒక్కటీ అడగలేకపోయారు.

మేడమ్ తుమ్మి, క్షమించమని చెప్పి, ఫైలులోంచి ఫొటో తీసింది. బొమ్మకి దీన్ని ఎవరు పెట్టారని అడిగింది. మిషనక్క లేచి నిలబడి, నేనేనండీ అంది. మామయ్యగారి కోటు ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది.

ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు. “పెట్టింది ఆవిడ. పెట్టమన్నది నేను. పిన్నీసు కూడా నాదే. మీకు సొరుగులో దొరుకుతుంది,” అన్నాను.

మీరెవరని మేడమ్ అడిగింది. మా ఆయన గొంతు సవరించుకుని, మా ఆవిడండీ అన్నారు. ఆ రెండు మాటలూ అంత నీరసంగా అనడం మా పెళ్ళినాటి నుంచీ నేను వినలేదు. ఆపైన నావైపు తిరిగి, చాలా చిన్న గొంతుతో అడిగారు.

“అయితే నిన్న ఆ మూకుట్లో...”

“ఏమీ లేదండీ.”

మేడమ్‌కి మూకుడు సంగతి అర్థం కాలేదు. నేను ఉద్యోగిని కాను కాబట్టి నా మీద తనకి అధికారమేమీ లేదంది. నాకూ లేదు మేడమ్ అన్నారు మా ఆయన. మామయ్యగారు దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

కానీ నవ్వులాటతో గీత నిండదు. నియమం అందరికీ కనబడేలా అంటించారా లేదా చూసి, ఆవిడకి తెలిసే చేసిందని రాసుకుంటే తన పని అయిపోతుందంది మేడమ్. మాటల్లో కోపం లేదు. అది చూసి నాకు ఇంకా భయం వేసింది. అందరం మెట్ల పక్కనున్న సిబ్బంది గదిలోకి నడిచాం. మిషనక్క కోటు చేతిమీద వేసుకునే వచ్చింది, సూది పట్టీకి వేలాడుతూ.

ఆ గదిలో గోడంతా నోటీసులే. ఒకదాని అంచుమీద ఒకటి, జిగురు ఎండి గట్టిపడి, అట్టలా తయారైంది గోడ. సోమవారం సర్క్యులర్ కిటికీ పక్కన, అన్నిటికంటే తెల్లగా ఉంది. నేను చదువుదామని దగ్గరికి వెళ్ళాను. అచ్చువేసిన వరసల మధ్య, జిగురు చెమ్మ పట్టిన చోట, ఇంకేవో వరసలు నీడల్లా కనబడ్డాయి. తలకిందులుగా కాదు, అద్దంలో చూసినట్టు ఎడంనుంచి కుడికి తిరగబడి.

“ఏమండీ, దీనికి వెనకవైపు కూడా ఉందా?” అన్నాను.

మన సర్క్యులర్లకి వెనకవైపు ఉండదు అన్నారాయన, సూర్యుడు పడమట ఉదయించడు అన్న ధీమాతో. మేడమ్ రుమాలు దించింది. కాగితం మిగలాలని ఈ ఏడాది నుంచి రెండువైపులా అచ్చు వేస్తున్నారని చెప్పింది. ఈ సర్క్యులర్ వేరే విభాగంవాళ్ళు పంపారట. ఆవిడ చదవలేదు. చదవమని ఆవిడకెవరూ ఇవ్వలేదు. ఫొటో, గీత ఉన్న కాగితం మాత్రం ఇచ్చి పంపారట.

ఆ పది నిమిషాల పట్టుదల మా అందరి కళ్ళముందూ గోడకి అతుక్కుని కనబడింది.

నేను మిషనక్కని ఇస్త్రీపెట్టె తెమ్మన్నాను. మా ఆయన ఉలిక్కిపడి, నోటీసు చింపకూడదు అన్నారు.

“చింపను. ఇస్త్రీ చేస్తాను.”

సీసాల మీద లేబుళ్ళు ఊడదీయడంలో నాకు పాతికేళ్ళ అనుభవం ఉంది. ఇంట్లో ఒక్క ఖాళీ సీసా కూడా దాని పాత పేరుతో ఉండదు. తడిగుడ్డ కాగితం మీద అదిమిపట్టుకున్నాను. మిషనక్క దానిమీద ఇస్త్రీపెట్టె ఆనిస్తూ, తీస్తూ ఆవిరి పట్టించింది. గది నిండా పిండి ఉడికిన వాసన. మేడమ్ చదవడానికన్నట్టు దగ్గరికి జరిగి, ఆవిరికి ముక్కు పెట్టి, ఎవరూ చూడ్డంలేదనుకుని గట్టిగా రెండుసార్లు గాలి పీల్చుకుంది. మూల లేవగానే, ఇస్త్రీపెట్టెతోపాటు తెచ్చిన కంపెనీ చిన్న కత్తెర మొండివైపుతో మిషనక్క మెల్లిగా పైకి తీసింది. అరగంటలో పోబోతున్న తన ఉద్యోగాన్ని గోడమీంచి ఒలిచి తీస్తున్న మనిషి చేతులు అంత నిలకడగా ఉండడం చూసి నా గుడ్డ జారింది.

కాగితం చిరగకుండా వచ్చింది. మేడమ్ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, కిటికీ వెలుతురులో పైకి చదివింది.

“యుద్ధంలో పనిచేసినవారినీ, ప్రాణాలు కోల్పోయినవారినీ గౌరవిస్తూ ధరించే గుర్తులకు పై నియమం వర్తించదు. యుద్ధం ముగిసిన వారంలో వాటిని పెట్టుకోవడానికి, ఉద్యోగి అడిగినచో, శాఖ మేనేజరు అనుమతి ఇవ్వవచ్చును.”

మిషనక్క పక్కనున్న కుర్చీ అంచున కూర్చుంది. మామయ్యగారు కొడుకు వైపు చూడకుండా కిటికీలోంచి వీధి చూశారు. గండం గడిచింది అనుకున్నాను. ఆ గోడకి అతుక్కున్న మిగతా వెనకవైపుల్లో ఇంకా ఏమేం ఉన్నాయో, ఇంటికెళ్ళాక తీరిగ్గా ఆయన్ని ఎలా ఏడిపించాలో కూడా ఆలోచించడం మొదలుపెట్టాను.

మేడమ్ మాత్రం ఆ చివరి వాక్యాన్నే మళ్ళీ చదువుకుంది. ఉద్యోగి అడిగినచో. ఫైలులోంచి ఆ కాగితం తీసి, బల్ల మీద పెట్టి, పెన్ను మూత తీసింది.

“కాబట్టి నాకు తెలియాల్సింది ఒక్కటే. అడగకుండా పెడితే తప్పు ఉద్యోగిది. అడిగినా కాదంటే తప్పు మేనేజరుది. ఫొటో పైదాకా వెళ్ళింది. ఈ గీత మీద ఒక పేరు రాయకుండా నేను వెనక్కి వెళ్ళలేను.” తుమ్ము ఆపుకుని మిషనక్క వైపు తిరిగింది. “మీరు అనుమతి అడిగారా?”

మిషనక్క తల ఎత్తి మా ఆయన్ని చూసింది. ఆ చూపులో నిష్ఠూరం ఉంటే నాకు బాగుండేది. లేదు. టై కట్టుకోవడం మూడుసార్లు తప్పిన మనిషిని, తండ్రి కళ్ళెదుట నిలబడిన కొడుకుని, పక్కన బిక్కమొహంతో ఉన్న నన్ను చూసింది. సరిచేయడానికి బట్టలు తెచ్చినవాళ్ళ ఒంటిమీద ఎక్కడ బిగుతుగా ఉందో చూసినట్టు చూసింది.

“అడిగానో లేదో గుర్తులేదమ్మా. సారు పనిలో ఉన్నారు. నేనే సరిగ్గా అడిగి ఉండను.”

తప్పించుకునే తలుపు ఆవిడే తెరిచి ఇచ్చింది. మా ఆయన నడిచి వెళ్ళిపోతే చాలు. ఇరవై ఆరేళ్ళుగా ఆయన్ని ఎరుగుదును. ఇంతకంటే ఇరుకైన సందుల్లోంచి కూడా, కోటు నలగకుండా బయటపడ్డ మనిషి. ఉప్పుడబ్బా పక్కన ఎవరు పెట్టారు, ఈ వైపు కూడా చూడాల్సిందే కదా, అలా జరిగిపోయింది. ఆ మూడింట్లో ఏది వస్తుందా అని ఆయన నోటివైపు చూశాను. నేను నోరు తెరిచి నిజం చెప్పేయగలను, ఆవిడ అడిగిన రోజే నాకు చెప్పింది కదా. కానీ నేను చెబితే ఆవిడ ఉద్యోగం నిలబడుతుంది గానీ, ఈ మనిషి నిలబడడు. ఒక్క నిమిషం ఆగాను. నా జీవితంలో అంతకంటే పొడుగైన నిమిషం లేదు.

మా ఆయన ముందు తండ్రి దగ్గరికి వెళ్ళారు. మిషనక్క చేతిమీది కోటు తీసుకుని, సగం కుట్టిన పట్టీని బొటనవేలితో సర్ది, వేలాడుతున్న సూదిని గుడ్డలో జాగ్రత్తగా గుచ్చారు. సూదుల మీద యుద్ధం ప్రకటించిన మనిషి దుకాణంలో తన చేత్తో సూది గుచ్చడం మూడేళ్ళలో అదే మొదటిసారి.

“నా పదమూడో ఏట, వీధి చివర నిలబడి నీకోసం చూశాను నాన్నా. అందరి నాన్నలూ ఇది పెట్టుకుని నడుస్తూ వెళ్ళారు. నువ్వు రాలేదు. పిల్లలు నవ్వారు, మీ నాన్న నిజంగా వెళ్ళాడా అని. అప్పట్నుంచీ ఈ గుడ్డముక్క ఎక్కడ కనబడినా నాకు కిట్టదు.”

మామయ్యగారు ముందుకొచ్చారు. కొడుకు భుజం మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి అక్కడ పడడం కూడా నేను మొదటిసారే చూశాను.

మేడమ్ పెన్ను గీత మీద ఆగి ఉంది. గీత ఖాళీగానే ఉంది. ఇరవై ఏడేళ్ళ కిందట ఇదే దుకాణంలో చొక్కాలు మడతపెట్టే పనిలో చేరి మేనేజరైన మనిషి, బల్ల దగ్గరికి వచ్చి, ఆ గీత మీదికి వంగి చూశారు. టై సర్దుకోలేదు. గొంతు కూడా సవరించుకోలేదు.

“నా పేరు రాయండి మేడమ్. ఆవిడ అడిగింది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఇంకోసారి. నా చేతిలో లేదన్నాను. వెనకవైపు చదివి ఉన్నా అదే అనేవాణ్ణి. ఆవిడకి గుర్తుంది, నాకూ గుర్తుంది. తప్పు నాది.”